బోటు ఇంజను స్టార్టు కాకపోతే కరెంటు దారి ఎలా వెతకాలి?



ఈసారి నేను బోటు ఇంజను గురించి రాస్తున్నాను. కొండ మీద బడిలో ఉండి సముద్రం మీద బోటు గురించి ఎందుకని మీరు అడగవచ్చు. కారణం ఉన్నది. కిరండూల్ నుండి ఇనుప ఖనిజం మోసే గూడ్సు బళ్లు మన అరకు మీదుగా విశాఖపట్నం పోర్టుకి పోతాయి కదా. మన ఊళ్ల నుండి మనుషులు కూడా పని కోసం ఆ పట్నానికే పోతున్నారు. మా మేనమామ అక్కడ ఫిషింగ్ హార్బరులో ఒక ఇంజను బోటు మీద కళాసీ. వేసవి సెలవుల్లో నేను మామయ్య ఇంటి దగ్గర ఉన్నాను. అప్పుడు చూసినది, ఇంజను మేస్త్రీని అడిగి తెలుసుకున్నది, తర్వాత సైన్సు పుస్తకంతో సరిచూసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. బోటు ఎప్పుడూ చూడని వాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. ఎందుకంటే జీపులో, ట్రాక్టరులో, ఆటోలో ఉన్నది కూడా ఇటువంటి కరెంటు దారే.

డీజిలు ఇంజనుకి కరెంటు ఎందుకు?

డీజిలు ఇంజనుని కనిపెట్టినది జర్మనీ దేశపు ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్. ఆయన ఇంజను 1897లో బాగా పని చేసింది. ఆయన పేరే ఇంజనుకీ, అది తాగే నూనెకీ వచ్చింది. ఈ ఇంజనులో పెట్రోలు బండిలో లాగ నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది బాగా వేడెక్కుతుంది. సైకిలుకి గాలి కొట్టినప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి, వేడి తెలుస్తుంది. ఆ వేడి గాలిలోకి డీజిలు చిమ్మితే దానంతట అదే మండుతుంది.

మరి కరెంటు ఎందుకు? మొదట ఇంజనుని తిప్పడానికి. కొన్ని చిన్న ఇంజనుల్ని చేత్తో హ్యాండిలు వేసి తిప్పుతారు. పెద్ద బోటు ఇంజనుని మనిషి తిప్పలేడు. అందుకని సెల్ఫు మోటారు ఉంటుంది. తాళం తిప్పితే సెల్ఫు మోటారు ఇంజనుని నాలుగు చుట్లు తిప్పుతుంది. ఇంజను అందుకున్నాక మోటారు పని అయిపోతుంది.

కరెంటు పోయే దారి ఇలాగ ఉంటుంది: బ్యాటరీ ప్లస్సు నుండి లావు తీగ, దాని నుండి సొలినాయిడు, సొలినాయిడు నుండి సెల్ఫు మోటారు, మోటారు నుండి ఇంజను ఇనుము, ఇనుము నుండి నల్ల తీగ, నల్ల తీగ నుండి మళ్లీ బ్యాటరీ మైనసు. పోయే దారి ఎంత ముఖ్యమో తిరిగొచ్చే దారి కూడా అంతే ముఖ్యం. తిరిగొచ్చే దారిని మేస్త్రీలు ఎర్తు అంటారు.

సొలినాయిడు అంటే ఒక తలుపు లాంటిది. తాళం దగ్గర నుండి సన్న తీగలో కొంచెం కరెంటు వస్తుంది. అది సొలినాయిడులోని చుట్టని అయస్కాంతం చేస్తుంది. ఆ అయస్కాంతం లోపలి రాగి ముక్కని లాగి, లావు తీగల్ని కలుపుతుంది. అప్పుడు మనకి "టక్" అని వినిపిస్తుంది. ఈ "టక్" శబ్దం బాగా గుర్తు పెట్టుకోండి. ముందు ముందు దీనితో పని ఉన్నది.

ఉప్పు చేసే పని

సముద్రపు నీళ్లు ఒక లీటరు తీసుకుంటే అందులో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అలల తుంపర, ఉప్పు గాలి ఇంజను గదిలోకి వస్తాయి. ఉప్పు తడి తగిలితే ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, రాగి ఆకుపచ్చగా అవుతుంది.

ఇంకొక సంగతి. 1800లో ఇటలీకి చెందిన వోల్టా రాగి లేక వెండి బిళ్ల, జింకు బిళ్ల, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన గుడ్డ పెట్టి, అలాగే ఒకదాని మీద ఒకటి పేర్చి బ్యాటరీ చేసినాడు. రెండు రకాల లోహాలు, మధ్యలో ఉప్పు నీరు. బోటులో రాగి తీగ, ఇనుప బోల్టు కలిసిన చోట తడి ఉంటే అక్కడ కూడా ఇదే జరుగుతుంది. అది మనకి పనికొచ్చే కరెంటు ఇవ్వదు. ఇనుముని తినేస్తుంది. అందుకే బోటులో తప్పు ఎక్కువగా తీగ మధ్యలో ఉండదు, అతుకు దగ్గర ఉంటుంది.

బ్యాటరీ బాగుంది, అయినా తిరగదు

ఇది మన ఊరి నీళ్ల పైపుతో చెప్తాను. చాలా ఊళ్లలో కొండ మీద ఊట దగ్గర తొట్టి కట్టి, పైపు వేసి నీళ్లు దింపుతారు. పైపులో ఆకులు అడ్డం పడినాయి అనుకోండి. కుళాయి మూసి ఉన్నంత సేపు లోపల నీళ్ల ఒత్తిడి బాగానే ఉంటుంది. కుళాయి విప్పితేనే సంగతి తెలుస్తుంది, సన్నటి ధార వస్తుంది. అప్పుడు పైన ఊట ఎండిపోయింది అనుకుంటే పొరపాటు. ఊట బాగానే ఉంది, దారి మూసుకున్నది.

కరెంటు కూడా అంతే. వోల్టులు అంటే ఒత్తిడి. ఆంపియర్లు అంటే పారే కరెంటు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. కాబట్టి నిండా ఛార్జి ఉంటే మీటరు 12.6 దగ్గర చూపిస్తుంది. 12.2 దగ్గర ఉంటే సగమే ఉన్నట్టు. కాని ఏ పనీ చెయ్యనప్పుడు చూసిన ఈ అంకెతోనే అంతా బాగుంది అనకూడదు. కుళాయి విప్పి చూడాలి. అనగా తాళం తిప్పి, మోటారు లాగుతున్నప్పుడు చూడాలి.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. 1827లో ఓమ్ తన నియమాన్ని పుస్తకంగా వేసినాడు. వోల్టులు = ఆంపియర్లు × నిరోధం. పెద్ద ఇంజనుని తిప్పేటప్పుడు మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. 300 అనుకోండి. ఒక అతుకు దగ్గర తుప్పు వలన 0.01 ఓమ్ నిరోధం వచ్చింది. ఇది ఓమ్‌లో నూరో వంతు మాత్రమే. 300 × 0.01 = 3 వోల్టులు. అంటే మోటారుకి చేరవలసిన దాంట్లో 3 వోల్టులు ఆ ఒక్క అతుకులోనే పోయినాయి! పోయిన శక్తి 300 × 3 = 900 వాట్లు. అది అక్కడ వేడిగా మారుతుంది. అందుకే చెడ్డ అతుకు చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉంటుంది.

అదే అతుకులో 2 ఆంపియర్లు తీసుకునే చిన్న బల్బు పెడితే పోయేది 0.02 వోల్టులే. బల్బు చక్కగా వెలుగుతుంది. లైటు వెలుగుతోంది కాబట్టి తీగలు బాగున్నాయి అని చెప్పకూడదని దీని వలన తెలుస్తుంది.

నేను చదివిన అంకెలు

తూర్పు తీరంలో ప్రతి ఏడాది ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను బోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని. ఆ రెండు నెలలు బోట్లు జట్టీకి కట్టి ఉంటాయి. వలలు అల్లుకుంటారు, చెక్క బాగు చేస్తారు, రంగులు వేస్తారు. జూన్ మొదటి వారంలో ఇంజన్లు స్టార్టు చేసి చూస్తారు.

మామయ్య వాళ్ల బోటు ఇంజను ఈ ఏడాది మూలుగుతూ అర చుట్టు తిరిగి ఆగిపోయింది. పట్నంలో ఒక కొట్టు మనిషి చూసి బ్యాటరీ ముసలిదైపోయింది, కొత్తది వెయ్యాలి అన్నాడు. బ్యాటరీ ఖరీదు వేలల్లో ఉంటుంది. బోటు మీద జీతం లెక్క వేరు. వేట నుండి వచ్చాక డీజిలు, ఐసు, రిపేరు ఖర్చులు ముందు తీసేస్తారు. మిగిలినది వాటాలు వేస్తారు. అనగా అక్కరలేని బ్యాటరీ కొంటే, ఆ డబ్బు కళాసీల అన్నంలో నుండి పోతుంది. రెండు నెలలు వేట లేక అప్పటికే అందరి ఇళ్లలో అప్పులు ఉన్నాయి.

మేస్త్రీ వచ్చి, "కొనడం రేపైనా కొనొచ్చు, ముందు దారి సూద్దాం" అన్నాడు. ఒకరు తాళం తిప్పాలి, ఒకరు మీటరు తీగలు పట్టాలి, ఒకరు అంకె చదవాలి. మా మామయ్య బడికి పోలేదు. మేస్త్రీకి చత్వారం, దశాంశ చుక్క కనపడదు. సరంగు తాళం దగ్గర నిలబడ్డాడు. అంకెలు చదివే పని నాకు ఇచ్చినారు.

"సుక్క ఎక్కడుందే బుల్లీ?" అని మేస్త్రీ ప్రతిసారీ అడిగినాడు. చుక్క ముందుంటే 0.31, వెనకుంటే 3.1. రెండింటికీ పది రెట్లు తేడా కదా. ఒకటి మంచి అతుకు, ఇంకొకటి చెడ్డ అతుకు.

ఏ పనీ చెయ్యనప్పుడు బ్యాటరీ 12.5 చూపించింది. తర్వాత తాళం తిప్పుతూ చూసిన అంకెలు ఇవి:

బ్యాటరీ రెండు సీసపు బొడిపెల మధ్య: 10.9
సెల్ఫు మోటారు దగ్గర: 7.6
ప్లస్సు బొడిపె నుండి మోటారు వరకు: 0.2
ఇంజను ఇనుము నుండి మైనసు బొడిపె వరకు: 3.1

కూడి చూడండి. 7.6 + 0.2 + 3.1 = 10.9. లెక్క సరిపోయింది. మోటారు లాగుతున్నప్పుడు కూడా బ్యాటరీ 10.9 నిలబెట్టుకున్నది. 12 వోల్టుల బ్యాటరీ అప్పుడు 9.6 కంటే దిగిపోతే దాన్ని అనుమానించాలి. ఇది దిగలేదు. పోయే దారిలో పోయినది 0.2 మాత్రమే. అర వోల్టు లోపల ఉంటే పరవాలేదు. తిరిగొచ్చే దారిలో మాత్రం 3.1 పోయింది.

మేస్త్రీ నల్ల తీగ వెంట పోయినాడు. ఇంజనుకి బిగించిన చోట బోల్టు విప్పితే కింద తుప్పు, తుప్పు మీద కొత్త రంగు! నిషేధం రోజుల్లో ఇంజనుకి రంగు వేసినప్పుడు ఆ చోట కూడా పడిపోయింది. రంగులో నుండి కరెంటు పారదు. ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, ఇనుము మెరిసే దాకా వైరు బ్రష్షుతో, గరుకు కాగితంతో గీకినారు. తీగ చివర కూడా గీకి, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూసినారు. మళ్లీ తాళం తిప్పితే మోటారు దగ్గర 10.4 చదివినాను. అంతలోనే ఇంజను అందుకున్నది. ఖర్చు గరుకు కాగితం, మేస్త్రీ కూలి. బ్యాటరీ పాతదే.

చెవితో తెలుసుకోవడం

మీటరు లేని చోట ఏం చెయ్యాలి? సముద్రం మధ్యలో మీటరు దొరకదు. గదిలో ఒక లైటు వేసి, తాళం తిప్పి, శబ్దాన్ని వినండి, లైటుని చూడండి.

1. ఏ శబ్దమూ లేదు, లైటు కూడా వెలగదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది, లేక బ్యాటరీ మీది క్లాంపు వదులు, లేక మెయిన్ స్విచ్చి వెయ్యలేదు. ఈ మూడో సంగతి చూడకుండా గంటలు గంటలు వెతికిన వాళ్లు ఉన్నారట.

2. లైటు బాగుంది, తాళం తిప్పితే టక్ కూడా లేదు, లైటు తగ్గదు. సన్న తీగ దారి తెగింది. ఫ్యూజు, తాళం స్విచ్చి, సొలినాయిడుకి వచ్చే సన్న తీగ చూడాలి. కొన్ని ఇంజన్లకి గేరు న్యూట్రలులో లేకపోతే స్టార్టు కాకుండా స్విచ్చి ఉంటుంది. అది కూడా చూడాలి.

3. టక టక టక అని గబగబా కొట్టుకుంటుంది, లైటు మినుకుమంటుంది. సొలినాయిడు తలుపు తీస్తుంది, మోటారు లాగగానే వోల్టులు పడిపోతాయి, తలుపు మూసుకుంటుంది, మళ్లీ తీస్తుంది. బ్యాటరీ బలం తగ్గింది, లేక లావు తీగ అతుకు చెడింది.

4. ఒక్కసారి టక్ అంటుంది, మోటారు తిరగదు, లైటు కూడా తగ్గదు. తలుపు తీసినట్టే ఉంది కాని కరెంటు పారలేదు. సొలినాయిడు లోపలి రాగి ముక్క కాలిపోయి ఉండవచ్చు. లేక మోటారు లోపలి బ్రష్షులు అరిగి ఉండవచ్చు.

5. ఒక్కసారి టక్ అంటుంది, లైటు బాగా మసకబారుతుంది. కరెంటు పారుతోంది కాని మోటారు తిరగలేకపోతోంది. బ్యాటరీ బలహీనం, లేక మోటారు పట్టేసింది, లేక ఇంజనే పట్టేసింది.

6. మోటారు ఇంజనుని చురుకుగా తిప్పుతుంది, కాని ఇంజను అందుకోదు. అప్పుడు బ్యాటరీని, సెల్ఫుని వదిలెయ్యండి. వాటి పని అవి చేసినాయి. డీజిలు ఉందా, పైపులో గాలి చేరిందా, ఫిల్టరు మూసుకున్నదా చూడాలి. కొన్ని ఇంజన్లలో డీజిలుని ఆపే చిన్న సొలినాయిడు ఉంటుంది, దానికి కరెంటు అందకపోతే డీజిలు పోదు. అది ఒక్కటే ఇక్కడ కరెంటు తప్పు.

ఒకసారి పది సెకండ్ల కంటే ఎక్కువ తిప్పకూడదు. మోటారు కాలిపోతుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ తిప్పాలి.

జాగ్రత్తలు

బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజను వాయువు వస్తుంది. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు. ఇంజను గది తలుపులు తీసి గాలి ఆడనివ్వాలి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయినాయి. పక్కపక్కన కట్టిన బోట్లలో డీజిలు, వలలు, గ్యాసు సిలిండర్లు ఉంటాయి. ఒకదానికి అంటుకుంటే పక్కదానికి పాకుతుంది. కాబట్టి ఒక్క నిప్పురవ్వని కూడా తేలికగా తీసుకోకూడదు.

తీగలు ఊడదీసేటప్పుడు ముందు మైనసు తియ్యాలి, పెట్టేటప్పుడు మైనసు ఆఖర్న పెట్టాలి. అలాగైతే స్పానరు ఇనుముకి తగిలినా నిప్పులు రావు. మనం ఇనుప గాజులు, ఉంగరాలు తీసేసి పని చెయ్యాలి. బ్యాటరీలో ఉన్నది సల్ఫ్యూరిక్ ఆమ్లం. చర్మం మీద పడినా కంట్లో పడినా వెంటనే చాలా నీళ్లతో కడిగి, ఆసుపత్రికి పోవాలి. సముద్రపు నీళ్లు బ్యాటరీ లోపలికి పోతే విషపు క్లోరిన్ వాయువు రావచ్చు. అందుకే బ్యాటరీని ఎత్తుగా, పెట్టెలో, కదలకుండా కట్టాలి.

కట్టి ఉంచిన బోటు బ్యాటరీ

పని లేకుండా ఉంచినా బ్యాటరీ కొంచెం కొంచెం దిగిపోతుంది. ఎండాకాలం ఇంకా తొందరగా దిగుతుంది. దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి సీసపు పలకల మీద తెల్లటి లెడ్ సల్ఫేటు గట్టి పడుతుంది. తర్వాత ఛార్జి పెట్టినా పూర్తిగా ఎక్కదు. కాబట్టి బోటు కట్టినప్పుడు మైనసు తీగ తీసి పెట్టాలి, నెలకి ఒకసారి ఛార్జి పెట్టాలి. మూతలు ఉన్న బ్యాటరీ అయితే ఛార్జి పెట్టాక డిస్టిల్డ్ వాటరు మట్టం వరకు పొయ్యాలి. కుళాయి నీళ్లు పొయ్యకూడదు. బొడిపెల మీద తెల్లటి పొడి పడితే వంట సోడా కలిపిన నీళ్లతో కడగాలి, ఆ నీళ్లు లోపలికి పోకుండా చూసుకోవాలి.

ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుండి 14.4 వరకు ఉండాలి. 12 దగ్గరే ఉంటే ఆల్టర్నేటరు గాని దాని బెల్టు గాని చెడింది. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా రేపు అది కూడా దిగిపోతుంది.

మనం నేర్చుకోవలసినది

సముద్రం మధ్యలో ఇంజను ఆగితే బోటు గాలి ఎటు కొడితే అటు పోతుంది. వల లాగలేరు, తుఫాను వస్తే ఒడ్డుకి రాలేరు. కాబట్టి ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు, మనుషుల ప్రాణాల సంగతి. ఒకటి చెడితే అన్నీ మార్చేద్దాం అనకుండా, ఒక్కొక్క అతుకు దగ్గర ఆగి, కొలిచి, తర్వాత చెయ్యి పెట్టాలి. దానికి పెద్ద చదువు అక్కరలేదు. కూడిక, తీసివేత, దశాంశ చుక్క వస్తే చాలు. అవి మన బడిలో అందరికీ వచ్చు. మన ఇళ్లలో అమ్మానాన్నలు చదవలేని అంకె మనం చదివి చెప్పినప్పుడు ఒక్కొక్కసారి వేల రూపాయలు మిగులుతాయి.

ఆఖరున మీకు ఒక ప్రశ్న. ఒక జీపు తాళం తిప్పితే ఒక్కసారి టక్ అని ఊరుకుంటుంది. లైట్లు ఏమాత్రం తగ్గవు. డ్రైవరు బ్యాటరీ మార్చాలి అంటున్నాడు. మీరు ఏమంటారు, ఎందుకు? జవాబు కాగితం మీద రాసి పత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వెయ్యండి. సరైన జవాబులు వచ్చే సంచికలో పేర్లతో సహా రాస్తాను.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి